గోల్ఫ్ స్వింగ్‌లో లాగాలా, తొయ్యాలా? నా అనుభవం

గోల్ఫ్ క్లబ్‌ని (బంతి కొట్టే కర్రని) ఎలా తిప్పాలని ఒక కోచ్‌ని అడిగితే ఎడం చేత్తో లాగమంటారు, ఇంకొకర్ని అడిగితే కుడి చేత్తో గట్టిగా తొయ్యమంటారు (నాది కుడిచేతి వాటం, ఎడంచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి). ఇదేం కొత్త గొడవ కాదు, 1969లోనే హోమర్ కెల్లీ అనే అమెరికన్ తన గోల్ఫ్ పుస్తకంలో లాగేవాళ్లు స్వింగర్లు, తోసేవాళ్లు హిట్టర్లు అని విడగొట్టి చెప్పాడు, ఇప్పటికీ ఎవరి వాదన వాళ్లదే.

నా సమస్య స్లైస్. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీస్తే చాలు బంతి ఎడంవైపు బయల్దేరి కుడికి వంగిపోయేది. ఫోన్లో స్లో మోషన్ పెట్టి చూస్తే డౌన్‌స్వింగ్ (క్లబ్‌ని పైనుంచి బంతి వైపు దించడం) మొదలవ్వగానే కుడి మోచెయ్యి చాచుకుపోతోంది, చేతులు నడుం దాకా కూడా రాకముందే మణికట్టు కోణం విచ్చుకుపోతోంది, క్లబ్ బయట్నుంచి లోపలికి అడ్డంగా వస్తోంది. సరే తొయ్యడం మానేసి లాగుదాం అని ఎడం చేత్తో గ్రిప్‌ని (క్లబ్ పిడిని) టార్గెట్ వైపు ఈడ్చడం మొదలుపెట్టా, స్లైస్ పోయింది కానీ ఇప్పుడు బంతి వంగకుండా నేరుగా కుడికే పోతోంది, ఎందుకంటే చేతులు ముందుకెళ్లిపోయి క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) కుడివైపుకి తెరుచుకునే ఉండిపోతోంది.

అప్పుడు కోచ్ క్లబ్ తీసేసుకుని చివర ముడేసిన లావు తాడు ముక్క చేతిలో పెట్టి "దీన్ని స్వింగ్ చెయ్యండి చూద్దాం" అన్నారు. పైనుంచి తోస్తే తాడు కుప్పకూలి భుజం మీద పడింది. ఆఖరిదాకా టార్గెట్ వైపు లాగితే ముడి వెనకాలే ఉండిపోయింది. చేతులు తొడల దగ్గరికి వచ్చాక ఎడం భుజం వైపుకి పైకీ లోపలికీ లాగితేనే తాడు బిర్రుగా సాగి, ముడి జుయ్యిమని చేతుల్ని దాటి వెళ్లింది.

ఇంటికొచ్చి లెక్కేసుకుంటే విషయం ఇంకా బాగా ఎక్కింది. డ్రైవర్ హెడ్ (బంతిని కొట్టే చివరి భాగం) దాదాపు 200 గ్రాములు, సెకనుకి 40 మీటర్ల వేగంతో ఒకటిన్నర మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోంది అనుకుంటే దాన్ని ఆ వంపులో నిలబెట్టడానికే దాదాపు 22 కిలోల బరువుని ఎత్తేంత బలం కావాలి, అదీ మన వైపుకి, షాఫ్ట్ (క్లబ్ కాడ) వెంబడి! నేనేమో టార్గెట్ వైపు ఈడుస్తున్నా. ఇక బంతి ఫేస్‌ని అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతే, ఆ గ్యాప్‌లో కుడి చేత్తో ఏం తోస్తాం చెప్పండి.

మరి తొయ్యడం అసలు లేదా అంటే ఉంది, కాకపోతే చేతుల్లో కాదు, కాళ్లలో. ఎడం చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి ఎడం పాదంతో నేలని గట్టిగా తోస్తే మోకాలు నిటారవుతుంది, ఎడం భుజం పైకీ వెనక్కీ పోతుంది, గ్రిప్ దానంతటదే లోపలికి లాగబడుతుంది. ఫోర్స్ ప్లేట్ల (పాదాల ఒత్తిడిని కొలిచే పలకల) మీద చూస్తే మంచి ఆటగాళ్ల ముందు కాలి ఒత్తిడి ఒంటి బరువుని దాటేస్తుంది, అదీ బంతి తగలకముందే. నేను చేసిన తేడా పని ఏంటంటే బంతి తగిలేటప్పుడు తోద్దామని చూడడం, అప్పటికే ఆలస్యం, ఆ తోపు వల్ల ఒరిగేదేం ఉండదు.

ఇక నా సాధన ఏంటంటే, సెవెన్ ఐరన్‌తో (మధ్య దూరాలకి వాడే లోహపు క్లబ్) సగం స్వింగులు, ఎడం కాలి తోపు ఒక్కటే మనసులో పెట్టుకుని. కుడి చెయ్యి అదే చాచుకుంటుంది, దాని గురించి ఆలోచించక్కర్లేదు (ఇది నమ్మడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది). ఐరన్లు ముందు దారికొచ్చాయి. డ్రైవర్‌తో ఇప్పుడు చిన్న ఫేడ్ (కుడికి కొద్దిపాటి వంపు) వస్తోంది, దాంతో నాకేం ఇబ్బంది లేదు, అలిసిపోయినప్పుడు మాత్రం కాళ్లు బద్ధకిస్తాయి, కుడి చెయ్యి మళ్లీ పెత్తనానికొస్తుంది. గ్రీన్ (గుంత ఉండే పచ్చిక) పక్కన చిప్ (దగ్గర్నుంచి చిన్న దెబ్బ) కొట్టేటప్పుడు మాత్రం ఈ కాలి తోపు వాడకండి, ఒళ్లు పైకి లేచిపోయి క్లబ్ బంతి పైభాగానికి తగులుతుంది.