మియూరా 1/24: ఇంజిన్ అడ్డంగా కూర్చుంది

నేను కడుతున్న మియూరా మోడల్ కారు మీద ఇప్పటిదాకా అయిన పని ఇదీ. ఛాసిస్ (అడుగు చట్రం), ఇంజిన్ పూర్తయ్యాయి. బాడీకి రంగు పడింది, దాని మీద క్లియర్ (రంగులేని మెరుపు పూత) పడింది, పాలిష్ సగంలో ఉంది. సీట్లకూ డాష్‌బోర్డుకూ రంగులు వేశాను గానీ ఇంకా లోపల అంటించలేదు. అద్దాలు, లైట్లు, బ్యాడ్జీలు పెట్టెలోనే ఉన్నాయి.

కిట్ 1/24 ప్లాస్టిక్ (అసలు కారు కొలతల్లో ఇరవై నాలుగో వంతు), బండి లాంబోర్గినీ మియూరా పీ400. 1966లో వచ్చిన మొదటి రకం ఇదే. 1968లో ఎస్, 1971లో ఎస్‌వీ వచ్చాయి. 350 హార్స్‌పవర్ కాస్తా 370 అయి, చివరికి 385కి చేరింది. వేలంపాటల్లో అందరి కన్నూ ఎస్‌వీ మీదే. దాని వెనక టైర్లు వెడల్పు కాబట్టి వాటికి తగ్గట్టు చక్రాల పైనుండే ఫెండర్లు ఉబ్బుతాయి. ఆ కండ ఎక్కని మొదటి బండే నాకు నచ్చుతుంది. పైగా హెడ్‌లైట్ల పైనా కిందా ఉండే కనురెప్పల వెంట్రుకల్లాంటి నల్లటి పట్టీలు పీ400కీ ఎస్‌కీ ఉన్నాయి, ఎస్‌వీకి వచ్చేసరికి తీసేశారు. అవి లేని మియూరా నాకు మియూరాలా అనిపించదు.

కిట్ ఎంచుకునేటప్పుడు ఒక్కటే షరతు పెట్టుకున్నాను: లోపల ఇంజిన్ ఉండాలి. కారు కిట్లలో చాలావాటికి బానెట్ తెరుచుకోదు, కింద నేల పలక మీద ఇంజిన్ అడుగు భాగం అచ్చు గుద్ది సరిపెడతారు. వేరే కారైతే అది చాలు. మియూరా విషయంలో మాత్రం అసలు సరుకు పెట్టెలో పెట్టకుండా పెట్టె అమ్మినట్టే. ఇక్కడ ఒక సరదా సంగతి ఉంది. లాంబోర్గినీ పేరుతో జనం చూసిన మొదటి కారు, 1963 ట్యూరిన్ మోటార్ షోలో పెట్టిన 350 జీటీవీ, సరిగ్గా అలాంటి బొమ్మే. ఇంజిన్ బానెట్ కింద పట్టలేదు. బండి ఎత్తు సరిగ్గా కనపడాలని లోపల బరువులు పెట్టి, మూత తెరవకుండానే షో గడిపేశారు.

ఆ ఇంజిన్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఫెరూచ్చో లాంబోర్గినీ 1916లో ఇటలీలో చెంతో దగ్గరి రెనాట్సో గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక యంత్రాల భాగాలతో ట్రాక్టర్లు తయారు చేసి, 1948లో ట్రాక్టర్ కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. తన ఫెరారీ కారు క్లచ్ గురించి ఫిర్యాదు చేస్తే ఫెరారీ అవమానించాడనీ, ఆ పంతంతోనే సొంతంగా కార్లు మొదలుపెట్టాడనీ ఒక కథ ఉంది. ఎవరు చెప్పినా ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను. ఆ కథ కన్నా అతను పనిలోకి తీసుకున్న మనుషుల సంగతే నాకు రుచిస్తుంది. ఇంజిన్ డిజైన్ చేసినవాడు జ్యొట్టో బిట్సారీని. ఫెరారీలో 250 జీటీఓ రేసు కారు పని నడిపించి, 1961లో మిగతా ఇంజినీర్లతో పాటు బయటికొచ్చేసిన మనిషి. అతను గీసింది 60 డిగ్రీల వీ12 (ఆరేసి సిలిండర్ల రెండు వరసలు వీ ఆకారంలో), మూడున్నర లీటర్లు, ఒక్కో వరసకి రెండేసి చొప్పున మొత్తం నాలుగు కామ్‌షాఫ్ట్‌లు (వాల్వులు తెరిచే కడ్డీలు). రోడ్డు మీద తిరిగే ఫెరారీకి నాలుగు కామ్‌షాఫ్ట్‌ల వీ12 1966లో గానీ రాలేదు. ట్రాక్టర్లు అమ్ముకునేవాడు మొదటి కారుకే ఈ ఇంజిన్ పెట్టించాడు. పట్టుదల అంటే క్లచ్ కథలో కన్నా ఇందులోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంజిన్ పని

మియూరా కోసం ఆ ఇంజిన్‌ని 3929 సీసీకి పెంచారు. సీట్ల వెనక పెట్టాలన్నది నిర్ణయం. పన్నెండు సిలిండర్లని నిలువుగా, అంటే బండి పొడవు వెంట పెట్టి దాని వెనక గేర్‌బాక్స్ తగిలిస్తే బండి రైలంత పొడవు వస్తుంది. చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లకి మించకూడదు. లాంబోర్గినీ ఇంజినీరు జాన్‌పావ్‌లో దల్లారా దీనికి బ్రిటిష్ మినీ వైపు చూశాడు. 1959లో వచ్చిన ఆ చిన్న కారులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్స్ దాని సంప్‌లోనే (అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఉంటుంది. అదే ఆలోచనని నాలుగు లీటర్ల వీ12కి పట్టించాడు. ఇంజిన్ బ్లాకు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కలిపి ఒకే అల్యూమినియం పోత. మూడింటికీ ఒకే ఆయిల్. గేర్ల నుంచి రాలిన ఇనప రజను కూడా ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది, అందుకే చివరి ఎస్‌వీల్లో రెండు ఆయిళ్లనీ వేరు చేశారు.

కిట్‌లో ఈ పోత రెండు ముక్కలుగా వస్తుంది. పలచటి జిగురుని బ్రష్‌తో అతుకు మీద పారనిచ్చి, గట్టిగా నొక్కి, ఒక రాత్రి వదిలేశాను. పొద్దున అతుకు మీద ఉబ్బిన గీతని 400, తర్వాత 800 నంబరు ఎమరీ కాగితంతో నీళ్లు పెట్టి రుద్దాను. మొత్తానికీ ఒకే అల్యూమినియం రంగు. గేర్‌బాక్స్‌కి కాస్త ముదురు షేడ్ ఇస్తే చూడ్డానికి బాగుంటుంది, చాలామంది ఇస్తారు కూడా. కానీ నిజం బండిలో ఇదంతా ఒకే పోత కదా, వేరే రంగు ఎక్కడి నుంచి వస్తుంది? తేడా చూపించాలనుకుంటే రంగుతో కాకుండా, గోధుమ, నలుపు కలిపిన పలచటి ఆయిల్ రంగుని సందుల్లోకి దింపితే సరిపోతుంది. పైన మిగిలినదాన్ని వైట్ స్పిరిట్‌లో (మినరల్ టర్పెంటైన్) తడిపిన దూదిపుల్లతో తుడిచేయాలి.

కార్బురేటర్లు నాలుగు, వెబర్ కంపెనీవి, ఒక్కోదానికి మూడు గొంతులు. ప్రతి సిలిండర్ హెడ్‌లో రెండు కామ్‌షాఫ్ట్‌ల మధ్య నుంచి గాలి నిలువుగా లోపలికి దిగుతుంది. కిట్‌లో ఆ పన్నెండు గొంతులూ మూసుకుపోయి వచ్చాయి. చేతి డ్రిల్‌తో 1 మి.మీ. బిట్ పెట్టి తొలిచాను. ముందు సూదితో నడిమిన చిన్న గుంట పెట్టుకుంటే బిట్ జారదు. ప్లగ్ వైర్లకి 0.3 మి.మీ. మందం తీగ వాడాను. అసలు వైరు 7 మి.మీ. ఉంటుందనుకుంటే 24తో భాగిస్తే అంతే వస్తుంది. అంగట్లో దొరికే అర మిల్లీమీటరు తీగ పెడితే ఇంజిన్ మీద నీళ్ల గొట్టాలు పరిచినట్టుంటుంది.

ఛాసిస్

మడిచిన ఉక్కు రేకుతో చేసిన పెట్టె, బరువు తగ్గడానికి ఒళ్లంతా రంధ్రాలు. 1965 నవంబరులో ట్యూరిన్ షోలో బాడీ లేకుండా ఈ ఛాసిస్‌ని మాత్రమే నిలబెట్టారు. కారు బాడీలు చేసే కంపెనీల వాళ్లు దాని చుట్టూ మూగారు, పని బెర్తోనేకి దక్కింది. నా బిల్డ్‌లో ఎక్కువ సమయం తిన్నది కూడా ఇదే. కిట్‌లో రంధ్రాలు గుంటల్లా మాత్రమే ఉన్నాయి. పెద్దవాటిని 1.2, చిన్నవాటిని 0.8 బిట్‌తో అవతలికి వచ్చేదాకా తొలిచి, గుండ్రటి సన్నని ఆకురాయితో అంచులు సరిచేశాను. అన్నీ తొలవక్కర్లేదు, బాడీ మూశాక ముందు వెనక మూతలు ఎత్తితే కనపడేవి చాలు. రంగు సెమీ గ్లాస్ నలుపు. పూర్తి మ్యాట్ వేస్తే రేకు మడతల అంచులు వెలుగులో కనపడవు.

ఈ ఛాసిస్ తయారీ కథ నాకు మియూరాలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. యజమానికి రేసింగ్ ఇష్టం లేదు, డబ్బు దండగ అనేవాడు. దల్లారా, అతని సహాయకుడు పావ్‌లో స్టాన్సానీ, న్యూజిలాండ్ నుంచి వచ్చిన టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ డ్యూటీ అయ్యాక కూర్చుని, రేసు బండి లక్షణాలున్న రోడ్డు కారు కోసం కుస్తీ పట్టారు. బెర్తోనేలో బాడీ గీసిన మార్చెల్లో గాందీనీని కూడా కలిపితే, 1966 మార్చిలో జెనీవా షో నాటికి ఈ నలుగురిలో ఒక్కరికీ ముప్పై నిండలేదు. బండిలోని గొప్పతనమూ తిక్కా రెండూ ఆ వయసువే అని నా అనుమానం.

బాడీ, రంగు

మొదట గిన్నెలు కడిగే సబ్బునీళ్లతో అన్ని ముక్కలూ కడిగి ఆరబెట్టాను. అచ్చు నుంచి ఊడటానికి పూసిన నూనె మిగిలుంటే రంగు పట్టదు. తర్వాత జిగురు లేకుండా అన్నీ ఒకసారి బిగించి చూసుకోవడం. మియూరాకి ముందు భాగం మొత్తం ఒక మూత, వెనక భాగం మొత్తం ఇంకో మూత. మధ్యలో క్యాబిన్, రెండు తలుపులు. అంటే బాడీ అంతా సందులే. అసలు కారులో సందు 4 మి.మీ. అనుకుంటే 1/24లో అది 0.17 మి.మీ. ప్రైమరు (రంగు పట్టడానికి వేసే కింది పూత), రంగు, క్లియర్ కలిపి 0.1 మి.మీ. మందం పడిందంటే అసలు బండి మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూత వేసినట్టు. రెండు అంచులకీ అంత పడితే మూత మూసుకోదు. అందుకే రంగుకి ముందే అన్ని అంచుల్నీ 600 కాగితంతో కాస్త తగ్గించాను. తెరుచుకోని గీతల్ని స్క్రైబర్‌తో (గీతలు చెక్కే పనిముట్టు) లోతు చేశాను, లేకపోతే క్లియర్ వాటిని పూడ్చేస్తుంది.

రంగు నారింజ. జెనీవాలో నిలబడ్డ కారు ఆ రంగే. నారింజ, పసుపు లాంటివి కింది రంగుని దాచలేవు, బూడిద రంగు ప్రైమరు మీద వేస్తే మసకబారతాయి. బూడిద ప్రైమరుతో గీతలేమైనా ఉన్నాయేమో చూసుకుని, దాని మీద పలచగా తెలుపు వేసి, ఆ పైన నారింజ వేశాను. ఎయిర్‌బ్రష్ 0.3 నాజిల్, గాలి 18 పీఎస్ఐ దగ్గర, లాకర్ (త్వరగా ఆరే ఘాటు రంగు) ఒక వంతుకి థిన్నర్ ఒకటిన్నర వంతు. దూరం నాలుగైదు అంగుళాలు. మొదటి రెండు పూతలూ మంచు పడ్డట్టు పలచగా, తర్వాతివి కొంచెం తడిగా. మూతలు, తలుపులు, బాడీ అన్నీ ఒకే వరసలో పెట్టి ఒకే కప్పు రంగుతో కొట్టాలి. విడివిడిగా వేస్తే నారింజలో తేడా ఎండలో పెట్టగానే బయటపడుతుంది. లాకర్ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. రసాయన ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు, బయటికి గాలి లాగే ఫ్యాను లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక 3000 నంబరు నుంచి మొదలుపెట్టి 6000, 8000 దాకా నీళ్లతో రుద్ది, తర్వాత పాలిషింగ్ కాంపౌండ్. అంచులు, ఫెండర్ల శిఖరాలు ముట్టుకోకుండా వాటి మీద సన్నటి టేపు అంటించాను. అక్కడ పూత అన్నిటికన్నా పలచన. ముందు మూత, తలుపులు అయ్యాయి. వెనక మూత మిగిలింది.

అసలు బండి ఎత్తు 105 సెంటీమీటర్లు. ఇక్కడ అది 44 మి.మీ. పక్కన అదే స్కేలులో వేరే కారు పెడితే మియూరా నేలకి అంటుకుపోయినట్టుంటుంది. పాలిష్ చేస్తూ వేలితో తడిమినప్పుడు ఫోటోల్లో తెలియనిది ఒకటి తెలిసింది. ముందు ఫెండర్ నుంచి తలుపు అంచు మీదుగా వెనక ఫెండర్‌కి పోయే గీత ఎక్కడా ఆగదు. బండి అంత పొట్టిగా ఇమడటానికి కారణం ఇంజిన్ అడ్డంగా ఉండటమే. నిలువుగా పెట్టి ఉంటే గాందీనీకి ఆ కొలతలు దొరికేవి కావు.

అలాగని మంచి కారు అనలేను. పెట్రోల్ ట్యాంకు ముందు ఉంది. అది ఖాళీ అయ్యేకొద్దీ వేగంలో ముక్కు తేలికై లేవబోతుంది. ఇంజిన్ డ్రైవర్ వీపు వెనకే, మధ్యలో ఒక అద్దం. వేడి, మోత అంతా లోపలికే. వెబర్ల నుంచి పెట్రోల్ చిందితే మంటలే. ఇన్ని ఉన్నా మూడు రకాలూ కలిపి దాదాపు 760 బళ్లు అమ్ముడయ్యాయి, అంత ఖరీదైన కారుకి ఆ కాలంలో అది చిన్న సంఖ్య కాదు.

కంపెనీ తర్వాతి చరిత్ర యజమానుల చిట్టా. ఫెరూచ్చో 1972లో సగానికి పైగా వాటా, 1974లో మిగిలింది అమ్మేసి ఉంబ్రియాలో ద్రాక్షతోట చూసుకున్నాడు. 1978లో దివాలా, 1987లో క్రైస్లర్, 1994లో ఇండోనేషియా పెట్టుబడిదారులు, 1998లో ఆడి. వీళ్లందరి కిందా బిట్సారీని వీ12 మాత్రం పెరుగుతూ పోయింది. చివరికి ఆరున్నర లీటర్లై, ముర్సియెలాగో అనే మోడల్‌తో పాటు 2010లో ఆగింది. మియూరా తర్వాత వచ్చిన కౌంటాక్‌లో స్టాన్సానీ దాన్ని నిలువుకి తిప్పి, గేర్‌బాక్స్‌ని సీట్ల మధ్యకి తెచ్చాడు. తర్వాతి కిట్ అదే, ఇంజిన్ ఉన్నది దొరికితే.

మిగిలిన పని

వెనక మూత పాలిష్ అయ్యాక దాని నల్ల పలకలు. అవి విడి ముక్క కాబట్టి మ్యాట్ నలుపు వేసి చివర్లో అంటిస్తాను. అద్దాలకి సూపర్ గ్లూ వాడకూడదు, ఆవిరికి తెల్లగా పొగచూరతాయి. తెల్ల పీవీఏ జిగురు చాలు, ఎక్కువైతే తడిగుడ్డతో పోతుంది. టైర్ల నడిమి అచ్చు గీతని 240 కాగితంతో రుద్దితే కొత్త మెరుపు కూడా పోయి వాడిన టైరులా కనిపిస్తుంది. వినైల్ టైరు ప్లాస్టిక్ చక్రాన్ని తినేయకుండా చక్రం అంచుకి లాకర్ పూత పడాలి. చక్రాలకీ తలుపుల కింది పట్టీకీ వెండి రంగా, బంగారు రంగా అన్నది తేల్చుకోవాలి. అసలు బళ్లలో రెండూ ఉన్నాయి. చెంచా వెనక నారింజ పూసి పక్కన రెండూ వేసి చూశాను. బంగారు రంగు నారింజలో కలిసిపోతోంది, వెండికే మొగ్గు.