జేబులో ఆరు గుడ్లు

మొన్న ఆరు నెలల రివ్యూలో మా మేనేజర్ నన్ను ఒక్క మాట అన్నాడు. "యూ ఆర్ టూ సాఫ్ట్." పనికి వంక పెట్టలేదు. మెత్తగా ఉంటానట, మీటింగుల్లో కనిపించనట. నవ్వుతూనే అన్నాడు, కాఫీ కూడా ఇప్పించాడు. అయినా రాత్రి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

జరిగింది చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి. నేను టొరంటోలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. రిలీజ్‌కి రెండు రోజుల ముందు ఒక పెద్ద తప్పు నా కంటపడింది. కోడ్ రాసినతను చిన్నపిల్లాడు, కొత్తగా చేరాడు. పదిమందిలో పరువు తీయడం ఎందుకని చాట్‌లో విడిగా చెప్పాను. సాయంత్రానికి సరిచేశాడు. మర్నాడు మీటింగులో తనే పట్టుకుని తనే బాగుచేసినట్టు చెప్పుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నేను మ్యూట్‌లో ఉన్నాను. సొంత డప్పు కొట్టుకోవడం మా ఇంటా వంటా లేదు, ఇప్పుడెక్కడ నేర్చుకోను?

ఇదంతా పక్క సీటు పెద్దాయనతో అన్నాను. అరవై దాటాయి, చిన్నప్పటి నుంచి ఈ ఊరి ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ అభిమాని. అంటే 1967 తర్వాత లీగ్ కప్పు ముఖం చూడని జాతి, వాళ్లకు ఓపిక ఎక్కువ. "సాఫ్ట్ అన్నాడా? సాల్మింగ్‌నీ అలాగే అన్నారు. రోజూ ఆయన ముందు నుంచే నడుస్తావు కదా" అన్నాడు.

నిజమే. యూనియన్ స్టేషన్ దగ్గర అరీనా బయట హాకీ ఆటగాళ్ల కంచు విగ్రహాలుంటాయి. నాలుగేళ్లుగా ఆ దారినే పోతున్నాను గానీ, జనవరి చలిలో ముఖం మఫ్లర్‌లో దాచుకుని పరిగెత్తేవాళ్లు పేర్లు చదువుతారా?

ఆ రాత్రి చదివాను. బోర్యె సాల్మింగ్ 1951లో స్వీడన్ ఉత్తరాన కిరునా దగ్గర పుట్టాడు. అది ఇనుప గనుల ఊరు. తండ్రి అక్కడి ఆదివాసులైన సామి తెగవాడు, గని ప్రమాదంలో పోయేనాటికి పిల్లవాడికి ఐదేళ్లు. ఇక్కడ కాసేపు ఆగిపోయాను. నాది గోదావరిఖని. మా బాపు ముప్పై ఏళ్లు బాయిల దిగి పనిచేశాడు. రెండో షిఫ్ట్ వదిలాక సైకిల్ చప్పుడు వినిపించేదాకా మా అమ్మ తలుపు గడియ పెట్టేది కాదు. కిరునా ఎక్కడో నాకు తెలియదు గానీ, ఆ ఇల్లు తెలుసు.

1973లో అతను ఇంగె హామర్‌స్ట్రోమ్ అనే తోటి స్వీడన్ ఆటగాడితో కలిసి టొరంటో వచ్చాడు. అప్పట్లో ఇక్కడి పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో యూరప్ నుంచి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఎదుటి జట్లు వాళ్లను 'చికెన్ స్వీడ్' అని ఎగతాళి చేసేవట. మనకు చికెన్ అంటే ఆదివారం. వీళ్లకు పిరికితనం. స్టిక్‌లతో పొడవడం, మోచేత్తో గుద్దడం, గోడకేసి కొట్టడం, ఎలాగైనా తిరిగి విమానం ఎక్కిద్దామని చూశారు.

సాల్మింగ్ డిఫెన్స్‌మన్. గోల్ పడకుండా చూడటం అతని పని. దూసుకొచ్చే పక్‌కు, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్లకు, అడ్డంగా ఒళ్లు పడేసేవాడు. నా ఉద్యోగమూ దాదాపు అదే. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగనిదానికి చప్పట్లుండవు. ఒక్కటి జారిపోతే మాత్రం అందరి చూపూ మనవైపే. అయితే హాకీలో ఒక పద్ధతి నాకు తెగ నచ్చింది. గోల్ కొట్టినవాడితో పాటు, అంతకుముందు పక్ అందించిన ఇద్దరి పేర్ల దాకా లెక్కలో రాస్తారు. దాన్ని అసిస్ట్ అంటారు. లీఫ్స్ తరఫున సాల్మింగ్ కొట్టిన గోల్స్ 148. అసిస్ట్‌లు 620, ఆ జట్టులో ఇంకెవరికీ అన్ని లేవు. మా ఆఫీసులో ఆ రెండో పేరు రాసే కాలమ్ లేదు.

పెద్దాయన చెప్పిన తీరు వేరు. "కొట్టారు, తిన్నాడు, కిక్కురుమనలేదు. అందుకే మావాడయ్యాడు" అన్నాడు గర్వంగా. 1986లో ఎవరి స్కేటు బ్లేడో పొరపాటున ముఖం మీద పడి 200కు పైగా కుట్లు పడ్డాయని, మళ్లీ వచ్చి ఆడాడని మరీ మురిసిపోయాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు. కానీ ఆ 'అందుకే' దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంది. పరాయివాడు రక్తం చూపిస్తేగానీ మనవాడు కాడా? ఆట సరిపోదా?

ఎందుకంటే నాకు ఆ రెండో మనిషి మీద మనసు పోయింది. హామర్‌స్ట్రోమ్ గోల్స్ కొట్టేవాడు, ఏటా ఇరవై అటూఇటూ. గొడవలకు పోయేవాడు కాదు. ఆడే మంచు మైదానం మూలల్లో పక్ కోసం ఒకరినొకరు గోడకు అదిమేసే తోపులాట ఉంటుంది కదా, అక్కడికి ఇతను జేబులో ఆరు గుడ్లు వేసుకుని వెళ్లినా ఒక్కటీ పగలదని జట్టు యజమాని హెరాల్డ్ బల్లార్డే వెటకారం చేశాడు. సొంత యజమాని! నాలుగేళ్లు దాటాక సెయింట్ లూయిస్ జట్టుకు పంపేశారు. విగ్రహం సాల్మింగ్‌కు ఉంది, గుడ్లాయనకు లేదు. నిజం చెప్పాలంటే నేను గుడ్ల బాపతే. మా ఊళ్లో గుడ్లు పగలకుండా ఇంటికి తెచ్చినవాణ్ని పనిమంతుడంటారు.

ఇంత ఉక్రోషంలోనూ ఒక్క సంగతి దగ్గర నోరు మూతపడింది. 1976లో కెనడా కప్ అని దేశాల మధ్య పోటీలు జరిగాయి. సాల్మింగ్ స్వీడన్ జెర్సీ వేసుకుని, తను రోజూ ఆడే టొరంటో మైదానంలోకే ఎదుటి జట్టువాడిగా దిగాడు. పేరు పిలవగానే జనం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదట. మా జెర్సీ వేసుకుంటేనే మావాడివి అనలేదు. ఇలాంటిది చేయగల ఊరే మరి ఇది. ఇక్కడ కోపం తెచ్చుకోవడం కూడా సుఖంగా సాగదు.

పదహారు సీజన్లు ఇక్కడే ఆడాడు, మరొకటి డెట్రాయిట్‌లో. తర్వాత స్వీడన్ వెళ్లిపోయి అక్కడా ఆడాడు, నలభై ఏళ్ల వయసులో ఒలింపిక్స్‌కీ పోయాడు. తన పేరుతో లోదుస్తుల వ్యాపారం కూడా పెట్టాడు, బాగానే అమ్ముడుపోయాయట. వెళ్లిపోవడం అంటే ఓడిపోవడం కాదని ఎవరైనా మావాళ్లకు చెప్తే బాగుండు.

2022లో ఏఎల్ఎస్ అనే, కండరాలు చచ్చుబడిపోయే నరాల జబ్బు బయటపడింది. మాట పోయింది. ఆ నవంబర్‌లో టొరంటో తీసుకొచ్చి మంచు మీద నిలబెట్టారు. పాత సహచరుడు డారిల్ సిట్లర్ చెయ్యి పట్టుకుని ఉన్నాడు, ఇద్దరూ ఏడుస్తున్నారు. ఆ వారాంతం ఒక మ్యాచ్‌లో లీఫ్స్ తరఫున మొదట దిగిన ఆరుగురూ స్వీడన్ ఆటగాళ్లే. మరో రెండు వారాలకు, నవంబర్ 24న పోయాడు.

ఆ వీడియో బాపుకు పంపాను. ఆదివారం ఫోన్ చేస్తే, "ఎవలు బిడ్డా ఆయన, గట్ల ఏడుస్తున్నరు?" అన్నాడు. కథంతా చెప్పాను. చికెన్ సంగతి, కుట్లు, చప్పట్లు, గుడ్లు. ఊఁ కొడుతూ విన్నాడు. తండ్రి గనిలో పోయాడని చెప్పగానే ఊఁ కొట్టడం ఆపేశాడు.

"ఏ షిఫ్ట్‌ల?"

"తెల్వది బాపు."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వెనకాల టీవీ సీరియల్ మోగుతోంది.

"మరి పిల్లగానికి తండ్రి కొలువు ఇచ్చిన్రా?"

"ఐదేండ్ల పిల్లగాడే బాపు. పెద్దయినంక హాకీ ఆడిండు."

"అట్లనా," అన్నాడు. "నీకు ఆడ చలి ఎట్లున్నది?"