గ్యాస్ మాత్ర కాపాడేది పొట్ట వరకే

నొప్పుల మాత్రతో పాటు ఒక పాన్ 40 గ్యాస్ మాత్ర వేసుకుంటే ఇంక కడుపుకేం కాదు అని మా ఆదోనిలో అందరికీ గట్టి నమ్మకం, పత్తి మార్కెట్లో మూటలు మోసే హమాలీ అన్నల కాడి నుంచి సర్కారీ టీచర్ల దాకా. మెడికల్ షాపు కౌంటర్ వెనక ఉండేవాణ్ణి కాబట్టి ఈ మాట రోజూ వింటా. అది సగమే నిజం, ఆ రెండో సగం ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తాండా.

గ్యాస్ మాత్ర చేసే పని పొట్టలో యాసిడ్ తగ్గించడం. దాంతో పొట్టలో, దాన్ని ఆనుకుని ఉండే పేగు మొదట్లో పుండ్లు చాలావరకు ఆగుతాయి, కాదనను. కానీ ఆ కింద ఇంకా మీటర్ల కొద్దీ చిన్నపేగు ఉంది కదా, అక్కడ పుండ్లు పడేది యాసిడ్ వల్ల కాదు, మరి గ్యాస్ మాత్ర అక్కడ ఏం చేస్తాది చెప్పండి? పైగా యాసిడ్ తగ్గితే పేగుల్లోని బ్యాక్టీరియా మారిపోయి పుండ్లు ఇంకా ఎక్కువ కావొచ్చని కూడా డాక్టర్లకు అనుమానం.

అసలు జరిగేదేందంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ అనే ఈ నొప్పుల మందులన్నీ ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా ఆపుతాయి (ఆస్పిరిన్ ఇట్ల పనిచేస్తాదని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించినాడు, 1982లో నోబెల్ కూడా వచ్చింది), నొప్పి, వాపు పెంచేది ఆ రసాయనాలే, కానీ పేగు లోపలి పొరకు రక్తం అందేలా, దాని మీద జిగురు నిలిచేలా చూసేది కూడా అవే. అది చాలదన్నట్టు మందు నేరుగా తగిలి ఆ పొర కణాల మధ్య సందులు వదులైతాయి, వాటిలోంచి పైత్యరసం, బ్యాక్టీరియా దూరి వాపు, ఆ తర్వాత పుండు, పుండులోంచి రక్తం కారడం. డైక్లోఫెనాక్ అయితే లివర్‌కు పోయి పైత్యంతో కలిసి మళ్ళీ పేగులోకే వస్తాది, మళ్ళీ రక్తంలోకి, మళ్ళీ లివర్‌కు. అందుకే "మాత్ర వద్దులేప్పా, సూది వేయించుకుంటా, కడుపుకేం కాదు" అనేది ఉత్త మాట.

మా షాపుకు పాత గిరాకీ ఒకాయన, మెట్లెక్కితే ఆయాసం, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగదు, ఎండోస్కోపీ నార్మల్, పెద్దపేగు టెస్టు నార్మల్. పై గొట్టం పొట్ట దాటి కొంచెం దూరమే పోతాది, కింది గొట్టం పెద్దపేగు, చిన్నపేగు చివర మాత్రమే చూపిస్తాది, నడుమ భాగం ఎవరికీ కనపడదు. మింగే కెమెరా క్యాప్సూల్ 2001లో వచ్చినాకనే అక్కడ ఎన్ని పుండ్లు పడతాయో బాగా తెలిసొచ్చింది. ఆయనకు ఆ టెస్టు కూడా చేయలేదు, మోకాళ్ళ కోసం ఏండ్ల తరబడి వాడే మాత్ర డాక్టర్ ఆపించినాడు, రక్తం పెరిగింది. కొంతమందికి ఆ పుండ్లు మాని మాని పేగు లోపల, పైపులో వాషర్ పెట్టినట్టు, పల్చటి పొరలు అడ్డం పడతాయి, అప్పుడు ఆపరేషన్ దాకా పోవచ్చు.

అట్లని రెండు రోజులు పంటినొప్పికి వేసుకుంటే భయపడేదేం లేదు. నెలల తరబడి వాడేవాళ్ళ గురించే నా బాధంతా, అందులోనూ కాంబిఫ్లామ్, జీరోడాల్ రెండూ కలిపి మింగేవాళ్ళు, ఒకదాంట్లో ఇబుప్రోఫెన్, ఇంకోదాంట్లో ఎసిక్లోఫెనాక్, రెండూ ఒకే జాతి. మోకాలికి జెల్ పూసుకుంటే రక్తంలోకి పోయేది చాలా తక్కువ, ముందు అది చూడండి. పారాసిటమాల్ పేగు జోలికి పెద్దగా పోదు, కానీ పెద్దోళ్ళకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, మద్యం తాగేవాళ్ళకు, లివర్ బాగలేనివాళ్ళకు అంత కూడా వద్దు. గుండెకు రాసిచ్చిన ఎకోస్ప్రిన్ (అదీ ఆస్పిరినే) మాత్రం ఇది చదివి ఆపేయొద్దు సామీ, అది డాక్టర్‌తో మాట్లాడే పని.

విరేచనం నల్లగా జిగటగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోండి (ఐరన్ మాత్రలకూ నల్లగా వస్తాది, అయినా అడగండి). అక్కడ ఏం మందులు వాడతావని అడిగితే బీపీ, షుగర్ అని చెప్పి ఊరుకుంటారు అందరూ, నొప్పుల మాత్ర కూడా చెప్పండి, ఖాళీ స్ట్రిప్పు జేబులో పెట్టుకుని పోతే ఇంకా మేలు.