తెల్ల వైరు మాట

వైరింగ్ పని చేసేవాళ్ళ చేతికి నల్ల వైరంటే భయం ఉండదు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఇది నేను పుస్తకంలో చదువుకున్నది కాదు. పదిహేడేళ్ళప్పుడు మేస్త్రి ఎక్కిన నిచ్చెన పట్టుకుని, కింద నిలబడి నేర్చుకున్నది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు అదే పని.

డాలస్ వచ్చి పనిలో చేరిన రెండో వారం, ఒక ఇంట్లో పాత సాకెట్ చూస్తున్నాం. బ్రేకర్ ఇంకా ఆపలేదు. ప్లేటు తియ్యగానే అడ్డంగా కనిపించిన నల్ల వైరును వేలితో పక్కకు తొయ్యబోయాను. మా జర్నీమ్యాన్, అంటే నాకు పని చూపించే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, నా మణికట్టు పట్టుకుని ఆపాడు. కోప్పడలేదు. జేబులోంచి పెన్ను లాంటి టెస్టర్ తీసి నల్లదాని దగ్గర పెట్టాడు. ఎర్రగా వెలిగి కీచుకీచుమంది. తెల్లదాని దగ్గర పెట్టాడు, ఉలుకూ పలుకూ లేదు. "ఇక్కడ ఇంతే" అన్నాడు.

అమెరికాలో ఫేజు నల్లది, న్యూట్రల్ తెల్లది. తొడుగు లేని ఉత్త రాగి తీగ ఎర్త్. ఫేజును హాట్ అంటారు, ఎర్త్‌ను గ్రౌండ్ అంటారు. మనకు స్విచ్ కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది, వీళ్ళకు పైకి లేపితే వెలుగుతుంది. మాటలు వారంలో వచ్చేశాయి. చెయ్యి మారడానికే ఏడాది పట్టింది.

మమ్మల్ని అమెరికా రప్పించడానికి అక్క వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ మా వంతుకు రావడానికి పదిహేనేళ్ళు దాటింది. అది వచ్చేసరికి నాకు నలభై నిండాయి. అక్కడ నేను మేస్త్రిని, నా కింద ఇద్దరు కుర్రాళ్ళు పనిచేసేవాళ్ళు. ఇక్కడ మళ్ళీ అప్రెంటిస్‌ని. టెక్సాస్‌లో జర్నీమ్యాన్ లైసెన్స్ కావాలంటే మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో 8,000 గంటల పని చూపించాలి, పరీక్ష పాసవ్వాలి. నా ఇరవై రెండేళ్ళ పనికి కాగితం ముక్క లేదు. ఎవరింట్లో ఎన్ని పాయింట్లు వేశానో నాకు గుర్తుంటే ఏం లాభం? కాబట్టి సున్నా నుంచి మొదలు. మా జర్నీమ్యాన్ నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడు. పొద్దున ఆరింటికి వ్యాన్‌లో సామాను సర్దడం, మధ్యాహ్నం అటకల్లో పాకడం. టెక్సాస్ వేసవిలో అటక అంటే ఏమిటో ఎక్కినవాళ్ళకే తెలుసు, ఆ సంగతి ఇంకోసారి.

అక్క వాళ్ళది 1980ల్లో కట్టిన ఇల్లు. ఒక శుక్రవారం రాత్రి ఫోన్ చేసింది. "ఒరే, సింకు పక్కన స్విచ్ వేస్తే చిటపటమంటోందిరా. నువ్వుండగా బయటివాణ్ణి పిలవడమేంటి, రేపొచ్చి మార్చెయ్."

"మార్చకూడదక్కా" అన్నాను.

నిజంగానే మార్చకూడదు. లైసెన్స్ ఉన్న మనిషి లేకుండా నేను ఎవరింట్లోనూ ఆ పని చేయకూడదు, అది అక్కిల్లయినా సరే. కానీ ఇంటి యజమాని తను ఉంటున్న సొంతింట్లో తనే చేసుకోవచ్చు, దానికి లైసెన్స్ అక్కర్లేదు. అందుకని మర్నాడు స్క్రూడ్రైవర్ బావ చేతికిచ్చాను. బావ సాఫ్ట్‌వేర్. ఇరవై ఏళ్ళలో బల్బు తప్ప ఏదీ మార్చిన మనిషి కాదు. ఇరవై రెండేళ్ళ అనుభవం చేతులు కట్టుకుని పక్కన నిలబడితే, స్క్రూ ఎటు తిప్పాలని బావ అడుగుతున్నాడు. అక్కకు ఒకటే నవ్వు.

అది కాంబినేషన్ స్విచ్. ఒకే పట్టీ మీద ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న స్విచ్‌లు. ఒక స్విచ్ పట్టే డబ్బాలోనే రెండూ ఇమిడిపోతాయి. పైది సింకు మీద దీపానికి, కిందిది డిస్పోజల్‌కి. అంటే సింకు తూములోనే ఉండి మిగిలిన మెతుకులూ తొక్కలూ నలిపేసే యంత్రం. ఇలాంటి వాటిలోనే ఒక స్విచ్, ఒక సాకెట్ కలిసినవీ ఉంటాయి.

బావకు అర్థమయ్యేలా మన స్విచ్ బోర్డుతో పోల్చి చెప్పాను. మన బోర్డులో ఫేజు ఒక స్విచ్‌కి వస్తుంది, అక్కడినుంచి చిన్న వైరు ముక్కతో పక్క స్విచ్‌కి లూప్ ఇస్తాం. కాంబినేషన్ స్విచ్‌లో ఆ లూప్ పని ఇత్తడి రేకు చేస్తుంది. ఒక పక్కనున్న రెండు స్క్రూలను కలుపుతూ గోరంత రేకు ఉంటుంది. ఆ పక్కన ఏ స్క్రూకి హాట్ ఇచ్చినా రెండు స్విచ్‌లకీ అందుతుంది. రెండో పక్క స్క్రూలు విడివిడిగా ఉంటాయి, వాటినుంచి దీపానికొకటి, యంత్రానికొకటి పోతాయి. పచ్చ స్క్రూ గ్రౌండ్‌కి. రెండు స్విచ్‌లకూ వేరువేరు చోట్ల నుంచి కరెంటు వస్తుంటే మాత్రం ఆ రేకును పట్టకారుతో అటూ ఇటూ వంచి విరిచెయ్యాలి. స్విచ్-సాకెట్ జంట అయితే ఇంకో తిరకాసు ఉంది. హాట్‌ను రేకు పక్కన ఇస్తే సాకెట్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎదుటి పక్కనున్న స్విచ్ స్క్రూకి ఇస్తే సాకెట్ కూడా స్విచ్‌తోపాటే ఆరిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదని రెండుసార్లు పిలిచిన ఇంట్లో కారణం అదే, నేను చూశాను.

బ్రేకర్లన్నీ ఉండే పెట్టెను ప్యానెల్ అంటారు. దాని తలుపు వెనకాల పాత యజమాని పెన్సిల్ రాత. 'డిస్పోజల్' అని ఉన్న బ్రేకర్ బావ ఆపాడు. స్విచ్ వేసి చూస్తే యంత్రం తిరగలేదు. సింకు దీపం వెలగలేదు. అంతా ఆగిపోయింది అనుకున్నాం. ఆ బల్బు మాడిపోయి నెలరోజులైందని ఆ ముక్క అక్క అప్పుడు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ప్లేటు తీసి, పైనా కిందా ఉన్న స్క్రూలు విప్పి, వైర్లు ముట్టుకోకుండా పట్టీ పట్టుకుని స్విచ్‌ను ముందుకు లాగించాను. కింది స్విచ్ వెనకాల ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంది. వైరును స్క్రూకి చుట్టకుండా వెనక రంధ్రంలో గుచ్చేశారు. లోపల రేకు స్ప్రింగే దాన్ని పట్టుకోవాలి, ఏళ్ళు గడిచేకొద్దీ అది సడలుతుంది. 120 వోల్టులే కదా అని ఇక్కడ చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన 230తో నడిచే పనినే 120తో నడపాలంటే దాదాపు రెట్టింపు కరెంటు లాగాలి. వదులైన కీలు దగ్గర వేడి అయితే దాదాపు నాలుగు రెట్లవుతుంది. అక్క విన్న చిటపట అదే. పనివేళ తొందరకు ఆ రంధ్రాలు బాగానే ఉంటాయి, నేనైతే మొహమాటం లేకుండా వద్దంటాను. వైరు కొస ఒలిచి, కొక్కెంలా వంచి, స్క్రూ బిగిసే దిక్కుకే చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే బిగించేకొద్దీ వైరు బయటికి తోసుకొస్తుంది.

"తెల్లది న్యూట్రలే కదా?" అన్నాడు బావ. పై స్క్రూకి ఒక తెల్ల వైరు ఉంది. నాకు తోచింది చెప్పేశాను. "అవును బావా, అది ఏం చెయ్యదు."

చెప్పాను గానీ, ముట్టుకునే ముందు ప్రతి వైరుకీ పెన్ను పెట్టాలన్నది మా జర్నీమ్యాన్ నియమం. ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి పెన్ను పనిచేస్తోందో లేదో చూసుకోవాలి, తర్వాత అసలుదానికి పెట్టాలి, మళ్ళీ సాకెట్‌లో పెట్టాలి. బావ వరసగా పెట్టుకుంటూ వచ్చాడు. డిస్పోజల్ నల్లది, నిశ్శబ్దం. దీపం నల్లది, నిశ్శబ్దం. తెల్లది, కీచుమంది.

బావ చెయ్యి అప్పటికే ఆ స్క్రూ వైపు వెళ్తోంది. ఈసారి మణికట్టు పట్టుకున్నది నేను.

ఈ పెన్నులు పక్క వైరు గాలి సోకినా ఒక్కోసారి మోగుతాయి. నమ్మకం కోసం మల్టీమీటర్ పెట్టించాను. ఒక పుల్ల తెల్లదానికి, ఒకటి రాగి తీగకు. 121 వోల్టులు.

నలుపును నమ్మకూడదని నేర్చుకోవడానికి ఏడాది పట్టిందని చెప్పాను కదా. ఆ ఏడాదీ నేర్చుకున్నదేమిటంటే తెలుపును నమ్మడం. ఆ నమ్మకమే ఇప్పుడు బావ వేలిని హాట్ మీద పెట్టించబోయింది. పాత ఇళ్ళలో కరెంటు ముందు పైనున్న దీపం డబ్బాకి వస్తుంది, అక్కడినుంచి ఒక కేబుల్ స్విచ్‌కి దిగుతుంది. ఆ కేబుల్‌లో ఉండేవి నలుపూ తెలుపూ రెండే. తెలుపు మీద హాట్ కిందికి వస్తుంది, నలుపు మీద తిరిగి పైకి వెళ్తుంది. న్యూట్రల్ స్విచ్ దాకా రానే రాదు. స్విచ్ డబ్బాలో న్యూట్రల్ ఉండాలన్న నియమం ఇక్కడి వైరింగ్ నియమాల పుస్తకం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 2011లో వచ్చింది. అలాంటి తెల్ల వైరుకి నల్ల టేపు చుట్టి, ఇది హాట్ అని తెలిసేలా చెయ్యాలి. చుట్టినవాళ్ళు లేరు.

పాత స్విచ్ రేకు అప్పుడు చూశాం. విరిచి ఉంది. దీపం కరెంటు ఒక బ్రేకర్ నుంచి, యంత్రం కరెంటు ఇంకో బ్రేకర్ నుంచి. ఆ రెండో బ్రేకర్ కోసం ఒక్కోటీ ఆపి చూస్తుంటే మేడ మీంచి మేనకోడలు వైఫై పోయిందని కేక పెట్టింది. చివరికి అది 'డైనింగ్' అని రాసిన దాని కింద దొరికింది.

బావ కొన్న కొత్త స్విచ్‌లో రేకు చెక్కుచెదరకుండా ఉంది. పాతది ఎలా ఉంటే అలా వైర్లు మార్చేసి బిగిస్తే ఏమయ్యేది? ఇక్కడ ఇంటికి రెండు హాట్‌లు వస్తాయి. ఏదొకదానికీ న్యూట్రల్‌కీ మధ్య 120, ఆ రెంటి మధ్య 240. రెండు బ్రేకర్లూ చెరో హాట్ మీద ఉంటే ఆ గోరంత రేకు మీద నేరుగా షార్ట్, ఢామ్మని బ్రేకర్ పడేది. అదైనా నయం. రెండూ ఒకే హాట్ మీద ఉంటే చప్పుడు ఉండదు, అంతా చక్కగా పనిచేస్తుంది. ఎప్పుడో ఎవరో ఒక బ్రేకర్ ఆపి, కరెంటు పోయిందనుకుని చెయ్యి పెట్టేదాకా తెలియదు.

రేకు విరిచి పెట్టేద్దామన్నాడు బావ. అదీ నాకు నచ్చలేదు. ఒకే పట్టీ మీద రెండు సర్క్యూట్లుంటే రెండు బ్రేకర్లూ ఒక్కసారే ఆగేలా జత కట్టాలని కోడ్‌లో 210.7 నిబంధన చెబుతుంది. దానికి బ్రేకర్లు పక్కపక్కన ఉండాలి, ఇవి ప్యానెల్‌లో చెరో మూల. పైగా డబ్బా చిన్నది. లోపల 16 ఘనపు అంగుళాలని అచ్చు పోసి ఉంది. అందులో ఆరు వైర్లు, గ్రౌండ్‌లన్నీ కలిపి ఒకటి, స్విచ్ పట్టీ రెండు వైర్ల కింద లెక్క. మొత్తం తొమ్మిది. 14 గేజ్ మందం వైరుకు ఒక్కోదానికి రెండు ఘనపు అంగుళాల చొప్పున 18 కావాలి. అంత కుక్కితే వెనక వైర్లు నలుగుతాయి.

అందుకని రెండు బ్రేకర్లూ ఆపి, డబ్బానే మార్పించాను. రెండు స్విచ్‌లు పక్కపక్కన పట్టే వెడల్పాటి డబ్బా, మామూలు సింగిల్ స్విచ్‌లు రెండు. దేని పట్టీ దానిదే కాబట్టి జత గొడవ లేదు. చెప్పడానికి ఇంతే. పాత డబ్బాను గోడ లోపలి కర్రకు కొట్టిన మేకులు, కర్రకీ డబ్బాకీ మధ్య రంపపు బ్లేడు దూర్చి కొయ్యడానికి బావకు గంట పట్టింది. కర్ర లేని వైపు గోడ కోసి కొత్త డబ్బా దూర్చి, స్క్రూ తిప్పితే లోపల రెక్కలు విచ్చుకుని గోడను పట్టేశాయి. అన్నం గిన్నె మూత మీద కూడా జిప్సం పొడి. అక్క అప్పుడు నవ్వలేదు.

"స్విచ్ మార్చమంటే గోడ కొయ్యడమేంట్రా?"

సాయంత్రం యంత్రం చిటపట లేకుండా ఆన్ అయింది. దీపం వెలగలేదు. గుండె ఒక్కసారి ఆగి, బల్బు సంగతి అప్పుడు బయటపడింది.

సోమవారం వ్యాన్‌లో ఇదంతా మా జర్నీమ్యాన్‌కి చెప్పాను. గోడ కోసినందుకు తలూపాడు.

"తెల్లదానికి నల్ల టేపు చుట్టారా?"

"చుట్టాం."

"రెండు చివర్లా?"

నేను మాట్లాడలేదు. దీపం డబ్బాలో ఉన్న రెండో కొస సంగతి నాకు తట్టనే లేదు.

తర్వాతి శనివారం మళ్ళీ అక్కింటికి వెళ్ళాను. బావ టేపు జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.