వంత

జె-1 వీసా మీద అమెరికాలోని కాన్సస్‌కి ఎనిమిదో తరగతి సైన్స్ చెప్పడానికి వచ్చాను. వారానికోసారి అడ్వైజరీ అనే పీరియడ్ కూడా నెత్తిన పడుతుందని బయల్దేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇరవై ఐదు నిమిషాలు. సిలబస్ ఉండదు, పరీక్ష ఉండదు. ద్వేషం, వివక్ష కనబడితే గుర్తుపట్టడం, అప్పుడు ఏం చెయ్యాలో నేర్పడం, ఇవీ అందులో పాఠాలు.

కరీంనగర్‌లో పదకొండేళ్ళు చెప్పాను. ఒకడు ఇంకొకణ్ణి ఏడిపిస్తే ఇద్దర్నీ నిలబెట్టి, "సారీ చెప్పుకోండ్రా" అంటే సరిపోయేది. నిజం చెప్పాలంటే, హాజరు పిలిచేటప్పుడు ఒకణ్ణి "పొట్టోడా" అని నేనే పిలిచేదాన్ని. వాడూ నవ్వుతూనే పలికేవాడు. నవ్వాడు కదా, వాడికి ఇష్టమే అనుకున్నాను.

ఇక్కడ ఆ నవ్వు నా ముఖం మీదికి వచ్చింది. తరంగాల పాఠంలో నేను 'వేవ్‌లెంగ్త్' అన్న ప్రతిసారీ వెనక బెంచీలో ఒకడు అచ్చం నాలాగే అనేవాడు. నలుగురు కిసుక్కుమనేవాళ్ళు. నేనూ నవ్వేసి బోర్డు వైపు తిరిగేదాన్ని.

అడ్వైజరీకి మా బడిలో పిల్లల మంచిచెడ్డలు చూసే కౌన్సిలర్ ఇచ్చిన మొదటి స్లైడు ఒక పిరమిడ్. అడుగున జోకులు, పేర్లు పెట్టడం. దాని మీద దూరం పెట్టడం. ఆపైన ఉద్యోగాల్లో, అద్దె ఇళ్ళలో వివక్ష. ఇంకా పైన దాడులు, కొసన జాతి హననం. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఐదు మెట్లను చూసి గీసిన బొమ్మ అది. బొమ్మ బాగానే ఉంది గానీ పదమూడేళ్ళ పిల్లలకు ఎక్కదు. "ఒక్క జోకేస్తే హిట్లర్ అయిపోతామా మిస్?" అన్నాడు ఒకడు. వాడి తప్పేం లేదు, ఆ మెట్ల మధ్య మనుషులెవరూ లేరు.

అందుకని కౌన్సిలర్‌తో మాట్లాడి, తల్లిదండ్రులకు ముందే ఈమెయిల్ పెట్టించి, ఓలేతా అనే ఊళ్ళో జరిగిన కాల్పుల గురించి చెప్పాను. మా బడికి కారులో అరగంట దూరం. 2017 ఫిబ్రవరి 22 రాత్రి ఒక బార్‌లో టీవీలో బాస్కెట్‌బాల్ ఆట వస్తోంది. శ్రీనివాస్ కూచిభొట్ల, అలోక్ మాదసాని పని అయ్యాక వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ గార్మిన్‌లో ఇంజనీర్లు. ఒకతను వచ్చి ఏ దేశం, ఏ వీసా అంటూ మొదలుపెట్టాడు. అతన్ని బయటికి పంపించేశారు. తుపాకీతో తిరిగొచ్చి, "నా దేశంలోంచి పొండి" అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, ముప్పై రెండేళ్ళు. అలోక్ గాయాలతో బయటపడ్డాడు. ఇయాన్ గ్రిల్లట్ అనే కుర్రాడు టేబుల్ కింద తూటాలు లెక్కపెట్టుకుని, అయిపోయాయనుకుని ఆ మనిషి మీదికి పరిగెత్తాడు. లెక్క తప్పింది. చేతిలోంచి, ఛాతీలోంచి తూటా పోయినా బతికాడు.

ఆ మనిషి వాళ్ళను ఇరానీలనుకున్నాడని చెప్పగానే ముందు వరసలో అబ్బాయి, "కానీ వాళ్ళు ఇరానీలు కాదుగా!" అన్నాడు, అదేదో పెద్ద అన్యాయమైనట్టు. చాలామంది తలలూపారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, తల ఎత్తకుండానే, "అయితే? ఇరానీలైతే పర్లేదా?" అంది.

గది నిశ్శబ్దమైపోయింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ వార్త తెలిసిన రోజు కరీంనగర్‌లో మా స్టాఫ్‌రూమ్‌లో మేమందరం అన్నది ఆ అబ్బాయి మాటే: "పాపం, ఇరానీ అనుకున్నాడట."

తర్వాతి వారం నాలుగు పనులు నేర్పాను. సదరన్ పావర్టీ లా సెంటర్ అనే పౌరహక్కుల సంస్థ వాళ్ళు టీచర్ల కోసం తయారుచేసిన పద్ధతి. మాటను అక్కడే ఆపు, "అంటే ఏంటి?" అని అడుగు, ఎందుకు తప్పో చెప్పు, వేరెవరైనా ఆపితే గొంతు కలుపు. తూటాలకు ఎదురెళ్ళమని కాదు, అది గట్టిగానే చెప్పాను. నాలుగోది చెబుతుంటే నాకు బుర్రకథ గుర్తొచ్చింది. వంతలు 'తందాన' అనకపోతే కథకుడు ఎంతసేపని లాగుతాడు? మన దగ్గర వంత పాడటం అంటే తిట్టయి కూర్చుంది గానీ.

ఆ శనివారం ఒక తెలుగువాళ్ళింట్లో, తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్. మగవాళ్ళూ ఆడవాళ్ళూ వంటింటి గట్టు చుట్టూ నిలబడి ఇళ్ళ ధరలు మాట్లాడుతున్నారు. "ఆ వైపు కొనకండి, నల్లోళ్ళు ఎక్కువ, స్కూళ్ళు బాగోవు" అన్నాడు ఇంటాయన, పులిహోర వడ్డిస్తూ. అంతకుముందే కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇంటిపేరు, ఊరు, తాతగారి పేరు దాకా అడిగి, ఏదో తేలాక తృప్తిగా తలూపాడు. అప్పుడు నేను ప్లేటు చూసుకుంటూ ఊరుకున్నాను. మనవాళ్ళు, పండగలకు పిలిచేవాళ్ళు, మంచు కురిస్తే కారు తవ్వి పెట్టేవాళ్ళు. వెనక బెంచీవాణ్ణి ఆపడం దీనికంటే తేలిక.

ఈసారి మాత్రం నోట్లోంచి వచ్చేసింది. "అంటే ఏంటన్నా?"

"అంటే... నీకు తెలీదా ఏంటి?"

"తెలీకే అడుగుతున్నా."

ఎవరూ మాట్లాడలేదు. ఆయన భార్య సింక్ దగ్గర గిన్నె కడుగుతూ, ఇటు తిరక్కుండానే, "చెప్పండి, అంటే ఏంటో. నేనూ వింటా" అంది.

ఆయన పెరుగు కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు. చాలాసేపు తీసే ఉంచాడు.