పిల్లపురుగును గుర్తుపట్టడం

ఓర్వకల్లు దారిలో మా మామ వేసిన మొక్కజొన్న మోకాలెత్తుకు రాకముందే ఆకుల మీద పచ్చదనమంతా గీరేసినట్టు తెల్లని మచ్చలు కనిపించాయి. ఆకు సుడిని వేలితో విప్పితే బియ్యపు గింజంత పొడవైనా లేని పురుగులు రెండు బయటపడ్డాయి. “ఇది కత్తెర పురుగేనంటావా అల్లుడూ, లద్దె పురుగా?” అని ఆయన అడిగారు. నేను వెంటనే చెప్పలేకపోయాను.

ఎదిగిన కత్తెర పురుగుకు తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి గీత, తోక దగ్గర చదరంగా అమరిన నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. కానీ గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన పురుగులో ఇవి స్పష్టంగా కనిపించవు. అవి కనిపించేదాకా ఆగితే పురుగు సుడి లోపలికి దిగి మందుకు అందకుండా పోతుంది. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగును మన దేశంలో మొదటిసారి 2018లో కర్ణాటకలో గుర్తించారు.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన డీఎన్‌ఏ బార్‌కోడింగ్ ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను పీసీఆర్‌తో, అంటే ఆ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతితో, పెంచి, ఆ అక్షరాల వరుసను చదివి, పేరు తెలిసిన కీటకాల వరుసలతో పోలుస్తారు. గుడ్డులోనైనా, పురుగులోనైనా, రెక్కలొచ్చిన పురుగులోనైనా ఆ వరుస మారదు కాబట్టి వయసుతో పని లేదు.

మొదటిసారి తెచ్చిన పురుగులను అలవాటుకొద్దీ, నమూనాలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేశాను. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. పీసీఆర్‌లో ఏమీ రాలేదు. ఆ తప్పు నాదే. వారం తర్వాత అదే చేనికి వెళ్లి, కొన్నింటిని 95 శాతం ఆల్కహాల్‌లో వేసుకొని, మరి నాలుగింటిని బతికుండగానే తెచ్చాను. ఇవి ఒకదాన్నొకటి తింటాయి గనుక డబ్బాకు ఒకటి చొప్పున ఉంచి, రోజూ లేత మొక్కజొన్న ఆకులు వేశాను. పెంచి చూడటం ఎందుకంటే, పురుగు లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటే దాని వరుసే చదవబడే ప్రమాదం ఉంది. పైగా పోల్చే భండారంలో ఎవరో తప్పు పేరు రాసి ఉంటే మనకూ ఆ తప్పే వస్తుంది. బార్‌కోడ్‌ను నేను నమ్ముతాను, కానీ రెక్కల పురుగును కంటితో చూశాక ఇంకా గట్టిగా నమ్ముతాను.

వరుస కత్తెర పురుగుతో సరిపోయింది. నాలుగు డబ్బాల్లో మూడింటి నుంచి వచ్చిన రెక్కల పురుగులూ అవే. మామ అప్పటికే వేపనూనె పిచికారీ చేసి ఉన్నా, ఆ సాయంత్రమే ఫోన్ చేసి పేరు చెప్పాను.