వరద లెక్కల ఫైలు: యాక్సెస్ అడిగే ప్రశ్నలను దారికి తెచ్చుకున్న వైనం

గోదావరి వరద మట్టాలు పోగుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. పి.గన్నవరం వైపు లంకల్లో పుట్టిపెరిగిన వాళ్లకు ఇది వింతగా అనిపించదు. ధవళేశ్వరంలో నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అవే మూడూ 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. నాన్న రిజిస్టరులో రాసిపెట్టినవి, పేపరు కత్తిరింపులు, ఇప్పటి బులెటిన్లు అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాను టేబుల్స్‌లో దాచుకునే ప్రోగ్రాం) ఫైలు ఒకదానిలోకి ఎక్కిస్తున్నాను. తేదీ, వేళ, చోటు, మట్టం, లక్షల క్యూసెక్కుల్లో ప్రవాహం, ఆ రోజు మా కాజ్‌వే మునిగిందా లేదా. ఈ విడత కొత్త లెక్కలేవీ ఎక్కించలేదు. పనంతా యాక్సెస్ మాటిమాటికీ అడిగే ‘ఖాయమేనా’ ప్రశ్నల మీదే నడిచింది.

బులెటిన్‌ను ముందు ఎక్సెల్‌లో కొడతాను. అక్కడినుంచి అది ఒక తాత్కాలిక టేబుల్‌లోకి వస్తుంది. ఆ తర్వాత మూడు క్వెరీలు (టేబుల్ మీద పనిచేసే ఆదేశాలు) నడవాలి: అసలు టేబుల్‌లో చేర్చే అపెండ్, ప్రతి మట్టానికీ హెచ్చరిక స్థాయి వేసే అప్‌డేట్, తాత్కాలిక టేబుల్‌ను ఖాళీచేసే డిలీట్. ఒక్కో క్వెరీని డబుల్ క్లిక్ చేస్తే యాక్సెస్ రెండుసార్లు అడుగుతుంది. టేబుల్‌లోని డేటా మారుతుందని ఒకసారి, ఇన్ని వరుసలు మారతాయి, ఆపై వెనక్కి తీసుకోలేరని ఇంకోసారి. మొత్తం ఆరు ప్రశ్నలు. సెలవులకు వచ్చిన మేనకోడలు చకచకా ఎంటర్ కొట్టుకుంటూ పోతుంటే, ఏమని అడిగిందో చూశావా అన్నాను. “చదవలేదు మామయ్యా, ఎలాగూ అవుననేగా నొక్కాలి” అంది. నిజమే కదా, ప్రతిదానికీ అడిగే ప్రశ్నను ఎవరు చదువుతారు?

అందరికీ ముందు తట్టే దారి ఆప్షన్లలోనే ఉంది. ఫైల్, ఆప్షన్స్, క్లయింట్ సెట్టింగ్స్, అందులో ఎడిటింగ్ కింద కన్‌ఫర్మ్ అనే చోట మూడు టిక్కులుంటాయి: రికార్డు మార్పులు, డాక్యుమెంట్ తొలగింపులు, యాక్షన్ క్వెరీలు (పై మూడింటిలా డేటాను మార్చేవి). మూడోది తీసేస్తే ఆ ఆరు ప్రశ్నలూ పోతాయి. కానీ ఆ టిక్కు ఫైలుతో పాటు వెళ్లదు, ఆ కంప్యూటర్‌లోని యాక్సెస్‌కే అంటుకుని ఉంటుంది. మేనకోడలి లాప్‌టాప్‌లో ప్రశ్నలు యథాతథం. నా దగ్గరేమో దీనితో సంబంధం లేని ఇంటి ఖర్చుల ఫైలులో కూడా క్వెరీలు చప్పుడు లేకుండా నడిచిపోతాయి. అందుకే మూడు టిక్కులూ ఉన్నచోటే ఉంచాను.

రెండో దారి సెట్‌వార్నింగ్స్, అంటే హెచ్చరికలను ఆపి మళ్లీ తెప్పించే ఆదేశం. పనికి ముందు ఫాల్స్, అయ్యాక ట్రూ. మాక్రోలో (చేయాల్సిన పనులను వరసగా పేర్చిన జాబితా) వాడితే మాక్రో ముగియగానే హెచ్చరికలు వాటంతటవే తిరిగొస్తాయి. (‘షో ఆల్ యాక్షన్స్’ నొక్కితేనే ఈ యాక్షన్ జాబితాలో కనిపిస్తుంది.) యాక్సెస్‌లో కోడు రాసే భాష వీబీఏలో ఆ సౌకర్యం లేదు. మధ్యలో ఏ ఎర్రరైనా వచ్చి కోడు ఆగిపోతే ట్రూ అనే వరుస దాకా రాదు, యాక్సెస్ మూసేదాకా అది దేనికీ అడగదు. వాడక తప్పని వాళ్లు ఆ ట్రూను ఎర్రర్ వచ్చినా దాటి పోలేని చోట పెట్టుకోవాలి.

సెట్‌వార్నింగ్స్‌ను నేను పక్కనపెట్టడానికి అసలు కారణం మాత్రం వేరు. నా టేబుల్‌లో తేదీ, వేళ, చోటు మూడూ కలిపి యూనిక్ ఇండెక్స్, అంటే ఆ మూడూ ఒకటే అయిన వరుస రెండోసారి చేరదు. ధవళేశ్వరం ఉదయం 6 గంటల మట్టం రెండు పేపర్లలో వస్తుంది, ఒక్కోసారి అంకె కాస్త తేడాగా కూడా. మామూలుగా అయితే అపెండ్ చేసేటప్పుడు, కీ ఉల్లంఘన వల్ల ఇన్ని రికార్డులు చేర్చలేకపోతున్నానని యాక్సెస్ చెబుతుంది. నాకు కావలసిన కబురే అది, రెండు పేపర్లను పక్కపక్కన పెట్టి చూడాల్సిన సమయం అదే. సెట్‌వార్నింగ్స్ ఫాల్స్ ఆ కబురును కూడా మింగేస్తుంది. రెండో అంకె కిక్కురుమనకుండా గంగలో కలుస్తుంది. ఫైలుకు నకలు తీసి కావాలనే ఇలా నడిపి చూశాను. తెర మీద ఏమీ రాలేదు, టేబుల్‌లో మాత్రం చేరాల్సినన్ని వరుసలు చేరలేదు.

ఇప్పుడు వాడుతున్నది, వీబీఏలోంచి క్వెరీని నేరుగా నడిపే ఎగ్జిక్యూట్. కరెంట్‌డీబీని (తెరిచి ఉన్న ఫైలును సూచించేది) ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాని మీద ఎగ్జిక్యూట్‌ను డీబీఫెయిల్ఆన్ఎర్రర్‌తో (తప్పు జరిగితే ఆగిపొమ్మనే సూచన) పిలిస్తే ప్రశ్నలేవీ రావు. తప్పు జరిగితే నిజమైన ఎర్రర్ వస్తుంది, ఆ క్వెరీ చేసిన మార్పులన్నీ వెనక్కి పోతాయి. డూప్లికేట్ ఉంటే 3022 నంబరు ఎర్రర్. వేరియబుల్ ఎందుకంటే, కరెంట్‌డీబీ అని పిలిచిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు వస్తుంది. ఎగ్జిక్యూట్ ఒకదాని మీద చేసి రికార్డ్స్ఎఫెక్టెడ్‌ను (ఎన్ని వరుసలు మారాయో చెప్పేది) ఇంకోదాన్ని అడిగితే అసలు సంఖ్య రాదు. ఇంకో చిక్కు: క్వెరీలో ఫారం (డేటా చూపే, నింపే తెర) మీది పెట్టెను ప్రస్తావించి ఉంటే 3061 ఎర్రర్, పారామీటర్లు చాల్లేదని. ఫారంలు ఎగ్జిక్యూట్‌కు తెలియవు. క్వెరీడెఫ్ (దాచిన క్వెరీని కోడులో అందించే ఆబ్జెక్టు) తెరిచి, పారామీటర్ల విలువలు మనమే నింపాలి.

అయితే తొలగింపుల దగ్గర ప్రశ్న ఉండాల్సిందే. కాకపోతే యాక్సెస్ అడిగే తీరు నాకు నచ్చదు. ‘54 వరుసలు తొలగిస్తున్నారు’ అంటే ఎక్కడివో, ఎప్పటివో ఎలా తెలుస్తుంది? భద్రాచలం 71.3 అడుగులకు చేరిన 2022 జులై వరదవా, నాన్న చేతిరాతలోంచి ఎక్కించిన 1986వా? నా ప్రశ్న ఇలా ఉండాలనుకున్నాను: ‘ధవళేశ్వరం, 12-07-2022 నుంచి 20-07-2022 వరకు, 54 వరుసలు. తొలగించాలా?’ దీనికి ముందు మార్పులను ఖాయం చేయకుండా పట్టి ఉంచే బిగిన్‌ట్రాన్స్, తర్వాత డిలీట్, రికార్డ్స్ఎఫెక్టెడ్ చూసి ఆ సంఖ్యతో ప్రశ్న, అవునంటే ఖాయం చేసే కమిట్‌ట్రాన్స్, కాదంటే వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్. ప్రశ్న తెర మీద ఉన్నంతసేపూ ఆ వరుసలు ఇంకెవరూ మార్చలేకుండా తాళంలో ఉంటాయి. ఒకసారికి ఫైలు వాడేది ఒక్కరే కాబట్టి ఇబ్బంది లేదు. నలుగురు వాడే చోట ఇలా చేయకూడదు, ముందు వరుసలు లెక్కపెట్టే డీకౌంట్‌తో సంఖ్య తెచ్చుకుని అడగడమే మేలు.

ప్రశ్న తెలుగులో రావడానికే ఎక్కువ అవస్థ పడ్డాను. వీబీఏ ఎడిటర్ తెలుగు అక్షరాలను ఒప్పుకోదు, వరసగా ప్రశ్నార్థకాలు చూపిస్తుంది. దాంతో కోడులోంచి ప్రశ్న చూపే ఎంఎస్‌జీబాక్స్‌ను వదిలేసి చిన్న ఫారం చేశాను. వాక్యాలను ఒక టేబుల్‌లో దాచి, ఫారంను ఏసీడైలాగ్‌గా తెరుస్తున్నాను. అది మూసేదాకా, లేదా దాచేదాకా, కోడు ఆగి ఉంటుంది. బటన్ నొక్కగానే ఫారంను దాచి, జవాబు చదువుకుని, అప్పుడు మూస్తాను. ‘వద్దు’ బటన్‌కు డిఫాల్ట్, క్యాన్సెల్ రెండూ ఎస్ అని పెట్టాను, ఎంటర్ కొట్టినా ఎస్కేప్ కొట్టినా వద్దనే అర్థం. మేనకోడలి వేగానికి ఇదే మందు.

ఫారం మీద వరుసను ఎంచుకుని డిలీట్ కొట్టే దారి ఇంకోటి ఉంది. అక్కడ బిఫోర్‌డెల్‌కన్‌ఫర్మ్ ఈవెంట్‌లో (తొలగింపు ఖాయం చేయమని యాక్సెస్ అడిగే ముందు నడిచే కోడు) నా ఫారం తెరిచి, రెస్పాన్స్‌కు ఏసీడేటాఎర్ర్‌కంటిన్యూ ఇస్తే యాక్సెస్ సొంత ప్రశ్న రాదు. వద్దంటే క్యాన్సెల్ ట్రూ. ఆప్షన్లలో రికార్డు మార్పుల టిక్కు తీసేసి ఉంటే మాత్రం ఈ ఈవెంట్ అసలు జరగనే జరగదు, కాబట్టి నా ప్రశ్న కూడా రాదు. అందుకని ఫైలు తెరవగానే ‘కన్‌ఫర్మ్ రికార్డ్ ఛేంజెస్’ను గెట్ఆప్షన్‌తో చూసి, లేకపోతే సెట్ఆప్షన్‌తో పెట్టి, మూసేటప్పుడు పాత విలువ తిరిగి ఇచ్చేస్తున్నాను. ఎదుటివాళ్ల కంప్యూటర్ సెట్టింగును శాశ్వతంగా మార్చేసి పోవడం మర్యాద కాదు.

అపెండ్ ముందు, రెండు పేపర్లలో వేరుగా ఉన్న అంకెలను పక్కపక్కన చూపే క్వెరీ రాయడం మిగిలింది. అది కుదిరాకే 1986 ఆగస్టు కత్తిరింపులు ఎక్కిస్తాను. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చిన ఆ నెల అంకెల్లోనే నా దగ్గరి పేపర్ల మధ్య తేడాలు ఎక్కువ.